ఒకే చేతిరాత... రెండు సంగీతాలు

ఇంజినీరింగ్ చదివిన తెలుగువాళ్లలో బూలియన్ ఆల్జీబ్రా తెలియనివారు ఉండరు. ఆ లెక్కలకు పేరిచ్చిన జార్జ్ బూల్ ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో గణితాచార్యుడు. 1864లో కన్నుమూసేదాకా ఆ కొలువులోనే ఉన్నాడు. అక్కడి యూనివర్సిటీ కాలేజీ తన గ్రంథాలయానికి ఆయన పేరే పెట్టుకుంది. ఆ బూల్ గ్రంథాలయంలోనే ఒక సంగీతకారుడి సొంత కాగితాలు భద్రంగా ఉన్నాయి: స్వరలిపి రాతప్రతులు, ఉత్తరాలు, ఇతర రచనలు. ఆయన పేరు షాన్ ఓ రియాడ. బతికింది నలభై ఏళ్లే. ఐర్లండ్ జానపద సంగీతాన్ని ఈనాడు ప్రపంచం ఏ రూపంలో వింటోందో, ఆ రూపానికి చాలావరకు ఆయనే మూలం.

పుట్టినప్పుడు పెట్టిన పేరు జాన్ రీడీ. 1931లో కార్క్‌లో పుట్టారు. తండ్రి పోలీసు ఉద్యోగి. వయొలిన్ నేర్చుకున్నారు, 1952లో సంగీతంలో పట్టా పుచ్చుకున్నారు. మరుసటి ఏడాదే ఐర్లండ్ ప్రభుత్వ రేడియో ‘రేడియో ఏరన్’లో సహాయ సంగీత దర్శకుడయ్యారు. రెండేళ్లకు ఆ ఉద్యోగం వదిలేసి పారిస్ వెళ్లిపోయారు. తిరిగొచ్చి డబ్లిన్‌లోని ఆబీ థియేటర్‌లో సంగీతం బాధ్యతలు చూశారు. తొలిరోజుల స్వరరచనల మీద సంతకం జాన్ రీడీ అనే ఉండేది. తర్వాత ఐరిష్ రూపంలో షాన్ ఓ రియాడ అయ్యారు. ఒక మనిషి ఎటు నుంచి ఎటు నడిచాడో చెప్పడానికి ఆ రెండు సంతకాలు చాలు.

జాన్ రీడీ పూర్తిగా యూరప్ శాస్త్రీయ సంగీతం మనిషి. 1957లో వాద్యబృందం కోసం రాసిన ‘నోమోస్ నంబర్ వన్’ చూడండి. దానికి ‘హెర్క్యులెస్ డక్స్ ఫెరారియే’ అని మరో పేరు. ఫెరారా ప్రభువు హెర్క్యులెస్ అని అర్థం. దాదాపు 500 ఏళ్ల కిందట జోస్కాన్ అనే స్వరకర్త ఆ ప్రభువును కీర్తించడానికి ఒక చమత్కారం చేశాడు. లాటిన్ పేరులోని అచ్చులను వరసగా తీసుకుని, ఒక్కో అచ్చుకూ అదే అచ్చున్న స్వరాన్ని పెట్టాడు. మన సరిగమల్లో చెప్పుకుంటే రి స రి స రి మ గ రి. పాట మాటలోని అక్షరమే స్వరమై పలికితే మనవాళ్లు స్వరాక్షరం అంటారు కదా, అచ్చం ఆ సరదానే. ఓ రియాడ ఆ ఎనిమిది స్వరాలనూ తెచ్చి, ఇరవయ్యో శతాబ్దపు పన్నెండు స్వరాల పద్ధతితో జోడించారు. పాతికేళ్ల కుర్రాడు చేసిన పని అది! ఆ చదువు ఆయనకు అలంకారం కాదు, ఒంటబట్టిన విద్య.

రెండేళ్లు తిరిగేసరికి, 1959లో, దేశమంతా ఆయన్ను విన్నది. జార్జ్ మారిసన్ అనే దర్శకుడు పాత వార్తాచిత్రాల ముక్కలను ఏరి, బ్రిటిష్ పాలన మీద జరిగిన 1916 తిరుగుబాటు కథను ‘మిషె ఏరె’ అనే సినిమాగా కూర్చాడు. పేరుకు అర్థం ‘నేను ఐర్లండ్‌ని’. ఐరిష్ భాషలో పూర్తినిడివి చిత్రం అదే మొదలు. దానికి సంగీతం ఓ రియాడ. అమ్మమ్మలు, తాతలు పాడుకునే ‘రోషీన్ దూవ్’ పాటను ఆయన ఫ్రెంచ్ హార్న్ అనే ఇత్తడి వాద్యం మీద ఒంటరిగా పలికించి, వెనక పెద్ద వాద్యబృందాన్ని లేపారు. పల్లెపాట అంత ఠీవిగా నిలబడటం జనం అంతకుముందు ఎరగరు. మూలనపడిన ఫిల్మ్ ముక్కల్లోంచి ఒక జాతి తన ముఖం చూసుకుంది. దాచిన వస్తువు ఎప్పుడు ఎలా అక్కరకొస్తుందో చెప్పలేం అనడానికి ఇంతకుమించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

అయితే, పేరు తెచ్చింది ఆ సినిమాయే అయినా, నా మటుకు నాకు 1962లో ఆయన చేసిన రేడియో ప్రసంగాలే ఎక్కువ విలువైనవి. ‘మన సంగీత వారసత్వం’ అని అర్థమొచ్చే పేరుతో ఐర్లండ్ సంప్రదాయాన్ని వారం వారం విప్పి చెప్పారు. అది యూరప్ సంగీతం కానేకాదు, తూర్పు దేశాల సంగీతానికే దగ్గర అన్నది ఆయన వాదన. యూరప్ శాస్త్రీయ సంగీతం ఎక్కడో మొదలై మరెక్కడికో చేరుతుంది. ఇది తోకను నోట కరుచుకున్న పాములా చుట్టు తిరిగి మొదటికే వస్తుంది అన్నారు. పలు స్వరాలు ఒకేసారి మోగించే హార్మనీ దీని స్వభావం కాదని, ఒక్క గొంతు, ఒక్క వరసే దీని ప్రాణమని చెప్పారు. ‘షాన్‌నోస్’, అంటే పాతతీరు పాటను పక్కవాద్యం లేకుండా పాడతారు. గాయకుడు ప్రతి చరణానికీ నగిషీ మార్చుకుంటూ పోతాడు. సంగతులు వేయడం తెలిసిన చెవికి ఇది పరాయిగా తోచదు.

ఒక చిన్న నగిషీ దగ్గరకు వెళ్లి చూద్దాం. ఐరిష్ వయొలిన్‌లో ‘రోల్’ అని ఒకటుంది. రాస్తే ఒక్క స్వరమే. వాయించేటప్పుడు ఆ స్వరం, దాని పైది తృటికాలం, మళ్లీ అదే, దాని కిందిది తృటికాలం, మళ్లీ అదే. అయిదు కదలికలు రెప్పపాటులో అయిపోతాయి. పైస్వరం, కిందిస్వరం నిజానికి స్వరాలుగా వినిపించవు, వేలి తాకిడిగా వినిపిస్తాయి. కాగితం మీద దీన్ని ఒక వంకర గీతతో సరిపెడతారు. ఆ గీత చూసి రోల్ పలికించడమంటే, గమకం గుర్తు చూసి తోడి పాడటమే! విననివాడికి ఆ గీత దేనికీ కొరగాదు. వాద్యం మన కచేరీలో కనిపించే వయొలినే, పలుకుబడి మాత్రం వేరు.

ఇలాంటి మనిషి కాగితాలకు ప్రత్యేకత ఇక్కడే. ఆయన విద్యలో ఒక సగం కాగితం మీదే పుడుతుంది. రెండో సగం కాగితాన్నే ఎరగదు. రెండింటినీ ఒకే చెయ్యి రాసినప్పుడు, ఏది రాశారన్నది ఎంత ముఖ్యమో ఏది రాయకుండా వాద్యకారుడికి వదిలేశారన్నదీ అంతే ముఖ్యం. అచ్చయిన పుస్తకం ఆ సంగతి చెప్పదు.

దీనికి ఐర్లండ్‌లోనే పాత సాక్ష్యం ఉంది. 1792 జూలైలో బెల్‌ఫాస్ట్‌లో హార్ప్ వాద్యకారులను ఒకచోట చేర్చారు. అప్పటికి ఆ విద్య కొడిగట్టిన దీపం. వచ్చింది పదిమంది ఐరిష్ వాద్యకారులు, ఒక వెల్ష్ వాద్యకారుడు. వాళ్లలో తొంభయ్యేళ్లు దాటిన డెనిస్ హెంప్సన్ ఒక్కడే పొడవాటి గోళ్లతో లోహపు తీగలను మీటే పాత పద్ధతి ఎరిగినవాడు. విన్నది విన్నట్టు రాసిపెట్టడానికి పంతొమ్మిదేళ్ల ఎడ్వర్డ్ బంటింగ్‌ను కుదిర్చారు. అతను చర్చిలో ఆర్గాన్ వాయించే కుర్రాడు. తర్వాత అతను అచ్చువేసిన సంపుటాల్లో ఆ బాణీలు పియానోకు తగ్గట్టు మారిపోయాయి. ముసలాయన వేళ్ల జాడ వెతకాలంటే, ఇప్పుడు బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో ఉన్న బంటింగ్ రాతప్రతులే దిక్కు. త్యాగరాజస్వామి కృతులు శిష్యుల చేతిరాతల వల్ల కూడా మనదాకా వచ్చాయి. వాలాజాపేట శిష్యుల ప్రతులు మదురైలోని సౌరాష్ట్ర సభలో ఉన్నాయి. కాబట్టి ఈ మాట మనకు కొత్తేమీ కాదు.

బంటింగ్ చేసిన పొరపాటు ఓ రియాడకు తెలుసు. అందుకే సంప్రదాయ బాణీకి యూరప్ హార్మనీ తొడగడం మానేసి, 1960 ప్రాంతంలో ‘కోల్తోరీ ఖూలన్’ అనే బృందం కట్టారు. గాలితిత్తి పైపులు, పిల్లనగ్రోవి, వయొలిన్, ఎముకల తాళం. ఒకరు వాయిస్తే మిగతావాళ్లు ఆగుతారు, ఇద్దరు అందుకుంటారు, చివరికి అందరూ కలుస్తారు. పండగపూట వీధుల్లో తిరిగే పిల్లల చేతి మేకతోలు వాద్యం బౌరాన్‌ను కచేరీ వేదిక ఎక్కించింది ఆయనే. మన డప్పుకు దూరపు చుట్టం అది. పాత లోహతీగల హార్ప్ నాదం కోసం తాను హార్ప్సికార్డ్ అనే మీటల వాద్యం ముందు కూర్చున్నారు. పల్లె వాద్యకారులకు నల్లకోట్లు తొడిగి నాటకశాలలో కూర్చోబెట్టారు. ఆ బృందంలో పైపులు వాయించిన ప్యాడీ మొలోనీ 1962లో ‘ద చీఫ్‌టెన్స్’ స్థాపించి ఆ పద్ధతిని ప్రపంచమంతా తిప్పాడు.

1963లో ఓ రియాడ కార్క్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడయ్యారు. భార్యాపిల్లలతో కూలేయా అనే పల్లెకు మకాం మార్చారు. కొండల మధ్య, ఇంట్లోనూ వీధిలోనూ ఐరిషే మాట్లాడే ఊరు. అక్కడి రైతులతో గాయక బృందం కట్టి, చర్చి ప్రార్థనకు ఐరిష్‌లో బాణీలు కూర్చారు. వాటిని ఇప్పుడు దేశమంతా పాడుకుంటున్నారు. చాలామందికి ఎవరు కట్టారో కూడా తెలియదు, ఊళ్లో పుట్టినవే అనుకుంటారు. ఒక స్వరకర్తకు అంతకన్నా ఏం కావాలి? 1971 అక్టోబరు 3న లండన్ ఆసుపత్రిలో కాలేయ వ్యాధితో పోయారు. రేడియో ప్రసంగాలు పుస్తకంగా వచ్చింది ఆ తర్వాత పదకొండేళ్లకు, 1982లో. ఆ ప్రసంగాలను ఎవరో ఒకరు దాచబట్టే కదా.

కార్క్‌లో చదువుకో ఉద్యోగానికో వెళ్లిన పిల్లలున్న ఇళ్లు మన దగ్గర చాలానే ఉన్నాయి. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు వాళ్లకో మాట చెప్పండి. బూల్ గ్రంథాలయంలో ఓ రియాడ కాగితాలున్నాయని, వీలైతే ఒకసారి అడిగి చూడమని. ఆ తర్వాత ఏదో ఒక ఆదివారం కిల్లార్నీ దారిలో కూలేయా దాకా వెళ్లమని. ఆయన కట్టిన గాయక బృందాన్ని ఆయన తర్వాత కొడుకు పాదర్ నడిపించాడు.