కుందూ వెంట సముద్రం దాకా



మన కుందూ ఏటి నీళ్ళు ఎక్కడికి పోతాయి? ఎప్పుడైనా ఆలోచించారా?

మాది ఆళ్ళగడ్డకు పడమర పక్క ఒక చిన్న పల్లె. కుందూ మా పొలాల పక్కనే పారుతుంది. పగలు కూలికి పోతాము. సాయంత్రం చదువుకుంటాము. ఒకరోజు మా టీచరమ్మ గోడకు పటం తగిలించింది.

"ఇది నంద్యాల. ఇది ఆళ్ళగడ్డ. ఈ నీలిగీత కుందూ. దీని మీద వేలు పెట్టి చివరిదాకా పోండి" అని చెప్పింది.

ఒక్కొక్కరం వేలు పెట్టినాము. పేర్లు కూడబలుక్కుంటూ పోయినాము. వేలు పోయి పోయి సముద్రం దగ్గర ఆగింది.

మాలో అందరికన్నా పెద్దది అవ్వ. ఆమె పటం వైపు చాలాసేపు చూసింది. తర్వాత ఇట్లా అడిగింది.

"అరవై ఏండ్లుగా ఈ ఏటి పక్కనే ఉండాను. గుడ్డలు ఉతికినాను. గొడ్లు కడిగినాను. ఇది యాడ కలుస్తాదో మాత్రం సూడలేదు. నన్ను తీసుకపోతారా అమ్మీ?"

ఎవరమూ జవాబు చెప్పలేదు. కానీ ఆ రాత్రి ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు.

కుందూ కథ

మనకు పడమర ఎర్రమల కొండలు. తూర్పున నల్లమల కొండలు. ఈ రెండు కొండల నడుమ ఉన్న నేలలో కుందూ పారుతుంది. దీన్నే కుందేరు అని కూడా అంటారు. ఎర్రమల కొండల్లో పుట్టి నంద్యాల మీదుగా దక్షిణానికి వస్తుంది. దారిలో ఎన్నో వాగులు, వంకలు దీంట్లో కలుస్తాయి. ఆళ్ళగడ్డ పక్క వాగుల నీళ్ళు కూడా దీంట్లోకే చేరుతాయి.

కుందూ కడప జిల్లాలో కమలాపురం దగ్గర పెన్నానదిలో కలుస్తుంది. పెన్న మన రాష్ట్రంలో పుట్టింది కాదు. కర్ణాటకలో నంది కొండల్లో పుట్టింది. సుమారు 600 కిలోమీటర్లు పారుతుంది. వెలికొండలను దాటి, సోమశిల మీదుగా నెల్లూరు చేరుతుంది. అక్కడినుంచి ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది.

అంటే మన ఏటిలో పారే నీళ్ళు నెల్లూరు దాకా పోతాయి. మనం ఏటిలో పారేసే చెత్త కూడా వాటితోనే పోతుంది.

రూపాయి రూపాయి కూడబెట్టి

సముద్రం చూడటానికి పోతామంటే ఇండ్లల్లో ఊరికే ఒప్పుకోలేదు.

"ఆడోళ్ళు మాత్రమే పోతారా? తోడు ఎవరు?" అన్నారు.

"మేము ఎనిమిది మందిమి. ఒకరికొకరం తోడు" అన్నాము.

"దారి ఎట్లా తెలుస్తుంది?" అన్నారు.

"బోర్డు చదువుకుంటాము" అన్నాము.

డబ్బు సంగతి ముందే ఆలోచించుకున్నాము. ఒక్కొక్కరం వారానికి 30 రూపాయలు దాచినాము. 25 వారాలకు ఒక్కొక్కరికి 750 రూపాయలు అయ్యింది. ఎనిమిది మందికి కలిపి 6,000 రూపాయలు. లెక్క అంతా ఒక నోటు పుస్తకంలో మేమే రాసుకున్నాము.

బస్సు చార్జీల భయం లేదు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. దాని పేరు స్త్రీశక్తి. దీనికి ఆధార్ కార్డు గానీ, ఓటరు కార్డు గానీ దగ్గర ఉండాలి. కండక్టరుకు చూపించాలి. ఆయన జీరో టికెట్ ఇస్తాడు. డబ్బు కట్టకపోయినా టికెట్ మాత్రం తప్పకుండా తీసుకోవాలి. అన్ని బస్సులూ ఉచితం కాదు. సూపర్ లగ్జరీ వంటి బస్సులకు డబ్బు కట్టాల్సిందే. అందుకే ఎక్కేముందు బస్సు మీద ఏమి రాసి ఉందో చదవాలి.

ఆత్మకూరు రెండున్నాయి

సంక్రాంతి పోయినాక బయలుదేరినాము. జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి, చిత్రాన్నం మూట కట్టుకున్నాము. అవ్వ ఒక ఖాళీ సీసా కూడా సంచిలో పెట్టుకుంది. ఎందుకని అడిగితే చెప్పలేదు.

ఆళ్ళగడ్డలో బస్సు ఎక్కి మైదుకూరులో దిగినాము. అక్కడ బస్సు మారాలి. మైదుకూరు నుంచి బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరు పోవాలి.

ఇక్కడ ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. మన నంద్యాల జిల్లాలో ఒక ఆత్మకూరు ఉంది. అది శ్రీశైలం పోయే దారిలో ఉంది. నెల్లూరు జిల్లాలో ఇంకో ఆత్మకూరు ఉంది. పేరు ఒకటే. ఊర్లు వేరు. నంద్యాలలో నిలబడి "ఆత్మకూరు బస్సు యాది?" అని అడిగితే మనల్ని ఎదురు దిక్కుకు ఎక్కిస్తారు. తప్పు వాళ్ళది కాదు. మనం సరిగా అడగలేదు.

అందుకని బోర్డు మీద ఒక్క పేరు చూసి ఎక్కకూడదు. బస్సు చివరకు ఏ ఊరు చేరుతుందో చూడాలి. "వయా" అని రాసి దాని పక్కన ఏ ఊర్లు ఉన్నాయో చూడాలి. వయా అంటే మీదుగా అని అర్థం.

మైదుకూరులో ఒక బస్సు వచ్చింది. మాలో ఒక కోడలు పిల్ల ముందుకు పోయి గట్టిగా చదివింది. "నెల్లూరు. వయా బద్వేలు, ఆత్మకూరు." మేమందరం ఎక్కినాము. పోయిన ఏడాది ఆ పిల్ల తన పేరు కూడా రాయలేకపోయేది.

బద్వేలు దాటినాక వెలికొండలు వచ్చినాయి. కొండలు దాటితే నేల మారిపోయింది. వరి మళ్ళు, చెరువులు కనిపించినాయి. మన పక్క జొన్న, శెనగ. ఆ పక్క వరి. నెల్లూరు బియ్యానికి పెట్టింది పేరు. నెల్లు అంటే వరి. ఆ మాట నుంచే ఊరికి ఆ పేరు వచ్చిందని చెబుతారు.

బిల్లు చదివినాము

మధ్యాహ్నం దాటినాక నెల్లూరు చేరినాము. ఒక హోటల్లో భోజనం చేసినాము. బిల్లు ఇచ్చినారు. 1,080 రూపాయలు.

ఒకప్పుడైతే అడిగినంత ఇచ్చి వచ్చేవాళ్ళం. ఈసారి బిల్లు చేతిలోకి తీసుకుని చదివినాము. ఒక భోజనం 120 రూపాయలు. తొమ్మిది భోజనాలు అని రాసినారు. మేము ఎనిమిది మందిమి.

"అన్నా, మేము ఎనిమిది మందిమే. ఎనిమిది నూట ఇరవైలు 960 కదా" అన్నాము.

ఆయన మమ్మల్ని లెక్కపెట్టినాడు. బిల్లు సరిచేసినాడు. 120 రూపాయలు మిగిలినాయి. అంతకన్నా, మా లెక్క మేమే చూసుకున్నామన్న ధైర్యం మిగిలింది.

సాయంత్రం పెన్న ఒడ్డుకు పోయినాము. ఒడ్డున రంగనాథస్వామి గుడి ఉంది. ఏరు చాలా వెడల్పు. వంతెన మీద నుంచి చూస్తే ఎంతో దూరం ఇసుక, నడుమ నీళ్ళు. అవ్వ చేతులు జోడించింది. "దీంట్లో మన కుందూ ఉంది" అంది.

ఈ ఏరు ఎప్పుడూ ఇంత నెమ్మదిగా ఉండదు. 2021 నవంబరులో పెన్నకు పెద్ద వరద వచ్చింది. నెల్లూరు జిల్లాలో ఎన్నో ఊర్లు నీళ్ళలో మునిగినాయి.

ఒక పాఠం చేసిన పని

ఆ రాత్రి నెల్లూరులో రెండు గదులు తీసుకుని పడుకున్నాము. టీచరమ్మ మాకు దూబగుంట సంగతి చెప్పింది.

దూబగుంట నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. 1990 తర్వాత ఈ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం పెద్దగా జరిగింది. మన మాదిరిగానే ఆడవాళ్ళు రాత్రిపూట చదువుకున్నారు. వాళ్ళ వాచకంలో సారా గురించి ఒక పాఠం ఉండేది. దాని పేరు సీతమ్మ కథ. ఊరి ఆడవాళ్ళంతా ఒకటై సారా అంగడిని మూయించిన కథ అది.

పాఠం చదివి వాళ్ళు ఊరుకోలేదు. "ఇది మన కథే కదా" అనుకున్నారు. మగవాళ్ళ కూలి డబ్బు సారాకే పోతోంది. ఇంట్లో పిల్లలకు తిండి లేదు. అడిగితే దెబ్బలు. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్ళు సారాను ఊర్లోకి రానివ్వలేదు.

1992లో ఆ ఉద్యమం ఊరూరా పాకింది. ఆడవాళ్ళు సారా వేలం పాటలను అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో సారాను నిషేధించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో మద్యం మొత్తానికే నిషేధం పెట్టారు. ఆ నిషేధాన్ని 1997లో సడలించారు. రోశమ్మ 2016లో చనిపోయింది. దూబగుంట రోశమ్మ అంటే ఇప్పటికీ తెలియని వాళ్ళు తక్కువ.

సారా పోయినాక మిగిలిన డబ్బును నెల్లూరు ఆడవాళ్ళు రోజుకు ఒక రూపాయి లెక్కన దాచుకున్నారు. దానికి పొదుపు లక్ష్మి అని పేరు. మన పొదుపు సంఘాలకు ఈ పొదుపు కూడా దారి చూపింది.

టీచరమ్మ చెప్పడం ముగించింది. మాలో ఒక వదిన గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఆమె మొగుడు తాగుతాడని మాకందరికీ తెలుసు. ఆమె ఎప్పుడూ ఎవరితోనూ చెప్పలేదు. ఆ రాత్రి మెల్లగా అడిగింది.

"వాళ్ళు మొదలు పెట్టినప్పుడు ఎంతమంది ఉండారు?"

"మొదట్లో కొందరే" అంది టీచరమ్మ.

"మనం ఎనిమిది మందిమి ఉండాము కదా" అంది వదిన.

సముద్రం ఎదురుగా

తెల్లవారి మైపాడు బస్సు ఎక్కినాము. మైపాడు నెల్లూరుకు 20 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. బస్సు దిగి కొంచెం నడిచినామో లేదో, హోరు వినిపించింది. తర్వాత సముద్రం కనిపించింది.

అవతలి గట్టు లేదు. ఎంత చూసినా నీళ్ళే. అవ్వ ఇసుకలో కూర్చుండిపోయింది.

అక్కడ చేపలు ఎండబెడుతున్న ఒక అమ్మను పలకరించినాము. "పెన్న కలిసేది ఎక్కడమ్మా?" అని అడిగినాము. ఆమె ఉత్తరం పక్కకు చెయ్యి చూపింది.

అప్పుడు ఆమె మాకు జాగ్రత్తలు కూడా చెప్పింది. అవి మీకూ పనికి వస్తాయి.

మోకాళ్ళు దాటి నీళ్ళలోకి పోకూడదు. అలలు విరుగుతున్న చోట్ల నడుమ ఒక్కోసారి నీళ్ళు నెమ్మదిగా కనిపిస్తాయి. అది మంచి చోటు అనుకుంటాము. కానీ ఒడ్డుకు వచ్చిన నీళ్ళు అక్కడినుంచే లోపలికి తిరిగిపోతాయి. మనిషిని లాగేస్తాయి. అట్లా లాగితే ఒడ్డు వైపు ఎదురు ఈదకూడదు. అలిసిపోతాము. తేలుతూ చెయ్యి ఎత్తి కేకలు వేయాలి. ఈత వస్తే పక్కకు ఈది, ఆ తర్వాత ఒడ్డుకు రావాలి.

ఇంకొకటి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. సముద్రం ఊర్ల మీదికి వచ్చింది. సముద్రం ఉన్నట్టుండి చాలా దూరం వెనక్కు పోతే గవ్వలు ఏరుకుంటూ నిలబడకూడదు. వెంటనే ఎత్తు మీదికి పరుగెత్తాలి.

అలలు ఎందుకు వస్తాయి? గాలి నీటిని తోస్తుంది. అందుకే అలలు లేస్తాయి. రోజులో నీళ్ళు కొంతసేపు ఒడ్డు మీదికి ఎక్కువగా వస్తాయి. కొంతసేపు తగ్గుతాయి. వీటిని ఆటుపోట్లు అంటారు. చంద్రుడు, సూర్యుడు నీటిని లాగడం వల్ల ఇవి వస్తాయి. పున్నమికి, అమావాస్యకు పోటు ఎక్కువ.

ఉప్పు ఎక్కడిది?

కోడలు పిల్ల నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. "మన కుందూ నీళ్ళు చప్పగా ఉంటాయి కదా. ఇక్కడికి వచ్చి ఉప్పగా ఎట్లా అయినాయి?" అంది.

మంచి ప్రశ్న. వాన నీళ్ళు కొండల మీద, రాళ్ళ మీద పారుతాయి. రాళ్ళలోని ఉప్పును కొంచెం కొంచెం కరిగిస్తాయి. ఏర్లు ఆ ఉప్పును సముద్రానికి మోస్తాయి. ఏటి నీటిలో అది చాలా తక్కువ. నాలుకకు తెలియదు. సముద్రం మీద ఎండ పడుతుంది. నీరు ఆవిరై మబ్బుగా పైకి పోతుంది. ఉప్పు కిందనే ఉండిపోతుంది. కోట్ల ఏండ్లుగా ఇదే జరుగుతోంది. అందుకే సముద్రం ఉప్పగా అయ్యింది. ఒక లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది.

ఆ మబ్బులే మళ్ళీ మన నల్లమల మీద, ఎర్రమల మీద వాన కురుస్తాయి. ఆ వాన మళ్ళీ కుందూ అవుతుంది.

అవ్వ సంచిలో నుంచి ఖాళీ సీసా తీసింది. సముద్రపు నీళ్ళు నింపుకుంది.

తిరిగి వచ్చినాక

సాయంత్రానికి ఇండ్లకు చేరినాము. లెక్క చూసుకున్నాము. గదులకు 1,400. తిండికి 2,600. ఆటోలకు 400. ఎండు చేపలకు 300. మొత్తం 4,700 రూపాయలు. ఇంకా 1,300 మిగిలినాయి. ఆ డబ్బు వచ్చే ప్రయాణానికి దాచినాము.

మరుసటి రోజు అవ్వ పళ్ళెంలో సీసా నీళ్ళు కొన్ని పోసి ఎండలో పెట్టింది. రెండు రోజులకు నీళ్ళు ఇగిరిపోయినాయి. అడుగున తెల్లగా ఉప్పు మిగిలింది. ఊరి పిల్లలంతా వచ్చి చూసినారు. మిగిలిన నీళ్ళ సీసా మీద అవ్వ కాగితం అంటించి, తన చేత్తోనే "సముద్రం" అని రాసింది.

ఆ వారం వదిన ఇంట్లో కూర్చుని మేము ఎనిమిది మందిమి మాట్లాడుకున్నాము. ఆమె మొగుణ్ణి కూడా పిలిచి కూర్చోబెట్టినాము. ఆయన తాగుడు ఒక్క రోజులో పోలేదు. కానీ ఇప్పుడు ఆమె ఒంటరిది కాదు.

ఆలోచించండి, చేయండి

1. మీ ఊరి వాగు ఏ ఏటిలో కలుస్తుంది? ఆ ఏరు ఎక్కడికి పోతుంది? పటంలో చూడండి.

2. ఆత్మకూరు పేరుతో రెండు ఊర్లు ఉన్నాయి. నెల్లూరు జిల్లా ఆత్మకూరు పోవాలంటే ఏమని అడగాలి?

3. వారానికి 20 రూపాయలు దాచితే 30 వారాలకు ఎంత అవుతుంది? లెక్క రాయండి.

4. మీరు చూడాలనుకున్న ఊరు ఏది? దాని పేరు, అక్కడికి పోయే దారి మీ నోటు పుస్తకంలో రాయండి.