సైకిలుకి ఇంజను, ఇంజనుకి పొగరు

పోయిన ఏడాది స్కూలు సెలవుల్లో ఒక శనివారం పొద్దున, టూంగాబీలోని మా ఇంటి గరాజ్‌లోంచి ఒక వాసన వచ్చింది. వంటింట్లో పెసరట్టు తిరగేస్తున్న మా ఆవిడ "ఏమండీ, ఏదో మాడుతోంది చూడండి" అంది. నాకు మాత్రం అది మాడు వాసనలా అనిపించలేదు. పెట్రోలు, ఆయిలు కలిసి కాలిన నీలంపొగ వాసన! ముప్ఫై ఏళ్ళనాటి తెనాలి ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చింది.

వెళ్ళి చూస్తే పదిహేనేళ్ళ మా అబ్బాయి, వాడి పాత సైకిలు, దాని ఫ్రేము మధ్యలో బిగించిన చిన్న ఇంజను. స్కూల్లో ఎవరో స్నేహితుడి దగ్గర పాకెట్ మనీతో కొన్నాడట.

"డాడీ, ఇది 80 సి.సి. దీన్ని ఇంకా ఫాస్ట్‌గా చెయ్యాలి. హెల్ప్ చేస్తావా?"

"వద్దు, తీసెయ్" అనడం ఒక్క నిమిషం పని. కానీ ఆ మాట అనే అర్హత నాకుందా అన్న అనుమానం వచ్చింది. ఎందుకంటే నేనూ వాడి వయసులో అచ్చంగా ఇదే పని చేశాను. పైగా అది నా బండి కాదు.

నాన్నగారి టీవీఎస్ 50

మా నాన్నగారు బడిపంతులు. తెనాలి నుంచి రోజూ పల్లెటూరి బడికి టీవీఎస్ 50 మీద వెళ్ళొచ్చేవారు. 1994 వేసవిలో ఆయన ఊళ్ళో లేనప్పుడు నేనూ నా స్నేహితుడూ ఆ బండిని ఒక మెకానిక్ షెడ్డుకి తోలుకెళ్ళాం. "బండి లాగడం లేదన్నా" అన్నాం. అతను సిలిండరు ఊడదీసి, పొగ బయటికిపోయే పోర్టును ఆకురాయితో కాస్త పెద్దది చేశాడు. సైలెన్సరు లోపలి గొట్టం తీసేశాడు. బండి నిజంగానే ఎగిరింది! మూడు వారాలు నేను బోసు రోడ్డుకి రాజునే.

జూన్‌లో బళ్ళు తెరిచారు. ఎండ ఇంకా తగ్గలేదు. బడికి వెళ్తున్న నాన్నగారి బండి దారిలో ఒక్కసారిగా పట్టేసింది. వెనకనుంచి వస్తున్న లారీని తప్పించుకోబోయి రోడ్డు పక్క కంకరలో పడ్డారు. ముంజేయి ఎముక విరిగింది. రెండు నెలలు ఎడమచేత్తో బోర్డు మీద రాశారు. "పాత బండి కదరా, దానికీ వయసొచ్చింది" అన్నారు తప్ప కారణం ఆయనకు తెలియదు. నాకు తెలుసు. చెప్పలేదు.

కారణం ఇదీ: పోర్టు పెంచాం, సైలెన్సరు మార్చాం, కానీ కార్బురేటరులో జెట్ మార్చలేదు. ఇంజను ఎక్కువ గాలి పీల్చింది, పెట్రోలు మాత్రం పాత లెక్కనే అందింది. ఈ ఇంజన్లలో ఆయిలు పెట్రోలులోనే కలిసి వస్తుంది కాబట్టి, పెట్రోలు చాలకపోతే ఆయిలూ చాలదు. వేడి పెరిగి పిస్టను ఉబ్బి సిలిండరు గోడకు కరుచుకుంది.

ఇదంతా తలుచుకుని మా వాడితో "హెల్ప్ చేస్తాను. కానీ ముందు దీన్ని విప్పి చూద్దాం. ఈ సైకిలు గేటు దాటకూడదు" అన్నాను. వాడు సరేనన్నాడు.

80 కాదు, 66!

మొదట వెర్నియర్ కాలిపర్‌తో కొలిచాం. సిలిండరు వ్యాసం 47 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే దూరం 38. వృత్తవైశాల్యం కట్టి 38తో గుణిస్తే వచ్చింది 65.9 సి.సి. 80 అని అమ్ముతున్న ఇలాంటి కిట్లు చాలావరకు ఇంతే. పిల్లలూ, మీ లెక్కల టీచరు చెప్పిన 'పై' ఎందుకు పనికొస్తుందని అడిగితే ఇదిగో జవాబు! అదే దూరం కదిలే పిస్టనుకి వ్యాసం 40 అయితే అది 48 సి.సి. ఇంజను. ఏడు మిల్లీమీటర్ల తేడాలో అంత మార్పు.

టూ స్ట్రోక్ ఇంజను బహు సరదా అయిన యంత్రం. ఇందులో వాల్వులు లేవు. సిలిండరు గోడకు కిటికీలుంటాయి, పైకీ కిందికీ కదిలే పిస్టనే వాటికి తలుపు. బలం పెంచాలంటే మూడు దారులు: సిలిండరు పెద్దది చేయడం, మంటకు ముందు మిశ్రమాన్ని ఇంకా గట్టిగా నొక్కడం, నిమిషానికి ఎక్కువసార్లు తిరిగేలా చేయడం. కిటికీ ఎత్తు పెంచడం ఈ మూడో దారి. కానీ పై చుట్లలో వచ్చిన లాభానికి కింది చుట్లలో నష్టం కట్టాలి. అరిగే రింగులు, బేరింగులు దాని మీద వడ్డీ.

ఇంకో చిక్కుంది. పొగపోయే కిటికీ, కొత్త మిశ్రమం వచ్చే కిటికీ కొంతసేపు రెండూ తెరిచే ఉంటాయి. కాలని పెట్రోలు కొంత పొగతోపాటే బయటికి పోతుంది. దీనికి 1950లలో తూర్పు జర్మనీ ఎం.జెడ్. కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ గొప్ప ఉపాయాన్ని మెరుగుపరిచాడు. సైలెన్సరు గొట్టాన్ని మధ్యలో ఉబ్బుగా, చివర సన్నగా చేస్తే పొగ పీడనపు అల వెనక్కి తిరిగొచ్చి, పారిపోతున్న మిశ్రమాన్ని మళ్ళీ సిలిండరులోకి తోస్తుంది. ఆ కంపెనీ రేసరు ఎర్నెస్ట్ డెగ్నర్ 1961లో దేశం విడిచి, ఆ విద్యతో జపాను చేరాడు. మరుసటి ఏడాదే సుజుకి బండి మీద 50 సి.సి. ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

మన ఆస్ట్రేలియా వాళ్ళు వేరే దారి పట్టారు. పెర్త్‌కు చెందిన ఆర్బిటల్ కంపెనీ, కిటికీ మూసుకున్నాకే పెట్రోలును నేరుగా సిలిండరులోకి చిమ్మే పద్ధతి తయారుచేసింది. 2007లో బజాజ్ ఆటో రిక్షాలో ఆ పద్ధతి వాడారు. పెర్త్ తెలివి మన ఆటోవాళ్ళ పెట్రోలు ఖర్చు తగ్గించడానికి వెళ్ళిందన్నమాట!

అసలు సైకిలుకి ఇంజను తగిలించడం తక్కువ పనేం కాదు. 1946లో యుద్ధంలో చితికిపోయిన జపానులో సోయిచిరో హోండా, సైన్యం వాడి వదిలేసిన రేడియో జనరేటర్ల చిన్న ఇంజన్లను సైకిళ్ళకు బిగించి అమ్మాడు. హోండా మోటారు సైకిళ్ళ కథ అక్కడే మొదలైంది. మా వాడికి ఈ కథ తెగ నచ్చింది. "చూశావా డాడీ!" అన్నాడు.

చూశాను. కానీ లెక్క కూడా చూడాలిగా.

గాలి కట్టే పన్ను

ఒక సాయంత్రం ఇద్దరం కంప్యూటరు ముందు కూర్చున్నాం. గాలిని తోసుకుంటూ పోవడానికి కావలసిన శక్తి, వేగానికి ఘనం లెక్కన పెరుగుతుంది. రోడ్డు రాపిడి కూడా కలుపుకుంటే, సైకిలు మీద నిటారుగా కూర్చున్న మనిషికి చదును రోడ్డు మీద 25 కిలోమీటర్ల వేగానికి సుమారు 150 వాట్లు చాలు. 50 కిలోమీటర్లకు సుమారు 900 కావాలి. వేగం రెండింతలు, ఖర్చు ఆరింతలు!

ఆస్ట్రేలియా నిబంధనల్లో మోటారు సైకిలుకి 200 వాట్ల హద్దు ఎందుకు పెట్టారో మా వాడికి అప్పుడు అర్థమైంది. ఒక హార్స్‌పవర్ 746 వాట్లు కాబట్టి 200 వాట్లంటే పావు గుర్రం కన్నా కాస్త ఎక్కువ. ఈ కిట్లు ఏ మార్పూ చేయకముందే ఆ హద్దును ఎన్నో రెట్లు దాటుతాయి. మన న్యూ సౌత్ వేల్స్‌లో అయితే 2014 అక్టోబరు 1 నుంచి పెట్రోలుతో నడిచే సైకిళ్ళను రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, సైకిలు దారుల్లో పూర్తిగా నిషేధించారు. ఇతర రాష్ట్రాల్లోని మిత్రులు తమ నిబంధనలు చూసుకోవాలి. పోలీసు జరిమానా ఒక్కటే కాదు. రిజిస్ట్రేషనూ ఇన్సూరెన్సూ లేని బండి ఎవరినైనా గుద్దితే ఆ కుటుంబం గతేమిటి, మన గతేమిటి?

పొలంలో పరీక్ష

ఒక ఆదివారం పులిహోర కట్టుకుని, సైకిలును కారు వెనక తగిలించుకుని, ఊరవతల ఒక మిత్రుడి పొలానికి వెళ్ళాం. సొంత స్థలం, ఆయన అనుమతి, మోటారు సైకిలు హెల్మెట్లు, గ్లవ్స్, మందపాటి జాకెట్లు. తొలి పరుగు నాదే. 41 కిలోమీటర్ల వేగం వచ్చింది. తర్వాత ఉబ్బు సైలెన్సరు బిగించి, ఈసారి జెట్ కూడా మార్చాం. ప్రతి పరుగు తర్వాత ప్లగ్గు విప్పి చూశాం. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, నల్లగా తడిగా ఉంటే ఎక్కువైంది, ఇటుకరంగులో ఉంటే సరిపోయింది. మధ్యాహ్నానికి 47 వచ్చింది. ఆరు కిలోమీటర్ల కోసం సగం రోజు! ఈలోగా అదురుకి రెండు నట్లు వదులయ్యాయి, వెనక చక్రంలో ఒక పుల్ల విరిగింది.

తర్వాత బ్రేకులు. ఒక గుంజ పాతాం. అది దాటగానే బ్రేకు వేయాలి. మా వాడు 25తో వచ్చి 8 మీటర్లలో ఆగాడు. నేను 45తో వచ్చి 27 మీటర్లు పోయాను. మా ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. టేపు పట్టుకుని వాడు చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

"డాడీ, ఇంజను మార్చాం, బ్రేకులు పాతవే కదా."

"ఇంకొకటుంది. తాతగారి బండిలో ఇంజను ఆగితే క్లచ్ దానంతటదే వదిలేస్తుంది. ఇందులో చేత్తో లివరు నొక్కితేనే వదులుతుంది. పిస్టను పట్టేస్తే వెనక చక్రం కూడా పట్టేస్తుంది."

"తాతగారి బండి పట్టేసిందా? ఎందుకు?"

అప్పుడు మొత్తం చెప్పాను. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి.

ఇప్పుడు ఆ ఇంజను మా గరాజ్‌లో ఒక స్టాండు మీద ఉంది. వారానికోసారి వాడు విప్పుతాడు, బిగిస్తాడు. సైకిలు మళ్ళీ తొక్కుడు సైకిలే. 16 ఏళ్ళ 9 నెలలు నిండితే మోటారు సైకిలు లెర్నర్ లైసెన్సుకి వెళ్తానంటున్నాడు. దాని గురించి మా ఇంట్లో ఇంకా చర్చలు నడుస్తున్నాయి!

తోటి తల్లిదండ్రులకు ఒక మాట. మీ ఇంట్లో పెట్రోలు ఇంజను లేకపోవచ్చు, ఎలక్ట్రిక్ సైకిలు ఉండొచ్చు. 250 వాట్ల పెడలెక్ సైకిలులో 25 కిలోమీటర్ల దగ్గర మోటారు సాయం ఆగిపోతుంది. ఆ హద్దును సాఫ్ట్‌వేర్‌లో ఎత్తేయడం పిల్లలకు ఐదు నిమిషాల పని. కంప్యూటర్ల మీద బతికే నాకది బాగా తెలుసు. ఆకురాయి పోయి మీట వచ్చింది, అంతే. పిల్లలు అడిగితే కసరకండి. పక్కన కూర్చుని కొలవండి.

పొలం నుంచి వచ్చిన రాత్రి తెనాలికి ఫోన్ చేశాను. నాన్నగారికి అంతా చెప్పేశాను. ఆకురాయి, సైలెన్సరు, జెట్, అన్నీ. అవతల చాలాసేపు మాట లేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"అది సరే గానీ" అన్నారు చివరికి, "పిల్లాడి సైకిలుకి బ్రేకు కట్టెలు మార్చావా లేదా?"

మర్నాడే మార్చాను.