బైండోవర్

పాతకక్షలతో రౌడీషీటర్‌పై కత్తి దాడి జరిగిందంటే, ఆ తర్వాతి వార్తల్లో ఈ మాట తరచూ కనిపిస్తుంది. ప్రతీకారానికి దిగకుండా ఇరువర్గాలనూ పోలీసులు తహసీల్దారు ముందు హాజరుపరుస్తారు. చీమకుర్తి లాంటి గ్రానైట్ పట్టణంలోనైనా పద్ధతి ఇదే: గొడవలకు పోనని బాండు రాసివ్వాలి, జామీనుదారు క్వారీ పని మానుకొనైనా వచ్చి సంతకం చేయాలి.

2024 జులై 1 నుంచి దీనికి ఆధారం భారతీయ నాగరిక సురక్షా సంహిత. 126వ సెక్షన్ కింద గడువు గరిష్ఠంగా ఏడాది. నేరాలే అలవాటైనవారికి 129 కింద మూడేళ్లు. మాట తప్పితే బాండు సొమ్ము జప్తు చేయవచ్చు, మిగిలిన గడువుకు జైలుకూ పంపవచ్చు.

ఇది శిక్ష కాదు, ముందుజాగ్రత్త. విచారణ జరపకుండా సంతకం పెట్టించుకోవడం మాత్రం అన్యాయమే. బాండు మొత్తం మితిమీరకూడదని చట్టమే చెబుతోంది.