ఒంటిచేతి ఆల్బమ్: ఇందూరులో రికార్డింగ్, ఊరూరా కచేరీ

పాట రాసి, బాణీ కట్టి, వాయించి, పాడి, రికార్డు చేసి, చివరికి అమ్ముకునేది కూడా ఒకే మనిషైతే అది ఒంటిచేతి ఆల్బమ్. పెట్టుబడికి కంపెనీ ఉండదు, హక్కులు మాత్రం చేతిలోనే ఉంటాయి. 1982 జనవరిలో అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రంపై నమూనాకోసం పాడుకున్న పాటలే అదే ఏడాది సెప్టెంబరులో ‘నెబ్రాస్కా’గా వెలువడ్డాయి. బ్యాండుతో స్టూడియోలో మళ్లీ చేయబోతే ఆ గుణం రాలేదు. విచిత్రమేమంటే, ఆ ఆల్బమ్ కోసం ఆయన కచేరీలకే వెళ్లలేదు.

తెలంగాణలో సంగతి తిరగబడి ఉంటుంది. ఇక్కడ పాట ముందు ఊళ్లు తిరుగుతుంది, తర్వాతే రికార్డుకెక్కుతుంది. చదువులో కొంత భాగం ఇందూరు అని పిలిచే నిజామాబాద్‌లో సాగించిన గద్దర్ పాటలు సభల్లో మార్మోగాకే క్యాసెట్లుగా ఇంటింటికీ చేరాయి. ఇప్పుడు క్యాసెట్ స్థానంలో యూట్యూబ్ వచ్చింది. పది పాటలు ఒకేసారి వదలడం అరుదు. బతుకమ్మకు ఒకటి, వినాయక చవితికి ఒకటి చొప్పున పాటలు విడుదలవుతాయి. ఈ ప్రాంతంలో ఆల్బమ్ అంటే చాలావరకు అలా ఏడాది పొడవునా పోగయ్యే వరసే.

పరికరాలు పెద్ద అడ్డంకి కావు. ఒక మైకు, దాన్ని కంప్యూటరుకు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. అసలు అడ్డంకి గది. నిజామాబాద్ ఇళ్లలో స్లాబు, గచ్చు, నున్నటి గోడలు గొంతును వెనక్కి కొడతాయి. కండెన్సర్ మైకు 48 వోల్టుల విద్యుత్తుతో పనిచేస్తూ సన్నని ధ్వనిని కూడా పడుతుంది, ఆ ప్రతిధ్వనిని కూడా వదలదు. అలాంటి గదికి డైనమిక్ మైకే నయం. మైకు వెనకా పక్కనా బొంతలు వేలాడదీసి, బట్టల బీరువా తలుపులు తెరిచి పెడితే ప్రతిధ్వని చాలావరకు అణుగుతుంది. ఫ్యాను మాత్రం ఆపాల్సిందే. అందుకే ఇందూరు ఎండాకాలంలో రికార్డింగ్ తెల్లవారుజామునో అర్ధరాత్రి దాటాకో సాగడం మేలు.

డప్పు దగ్గర మరో చిక్కు ఉంది. మంటకు కాచినప్పుడు తోలు బిగిసి స్వరం పైకి లేస్తుంది, చల్లారుతున్న కొద్దీ దిగుతుంది. నలుగురూ కలిసి వాయిస్తే ఆ తేడా ఎవరికీ పట్టదు. ఒక్కరే ఒక వరస వాయించి, దాని మీద రెండో వరస, మూడో వరస వేసుకుంటూ పోతే మాత్రం వరసకొక స్వరం పలుకుతుంది. ప్రతి వరసకు ముందు డప్పును మళ్లీ కాచాలి. డప్పు దెబ్బ ఉరుము కనుక మైకును నాలుగైదు అడుగుల దూరంలో పెట్టడం మంచిది. తాళం జారకుండా చెవిలో తాళం లెక్కపెట్టే క్లిక్ చప్పుడు వింటూ వాయించాలి. జానపదానికి ఆ క్లిక్ కొంత ప్రాణం తీస్తుంది, కానీ ఒంటరి రికార్డింగులో దానికి సులువైన ప్రత్యామ్నాయం లేదు.

పాట సిద్ధమయ్యాక హక్కుల లెక్క. బతుకమ్మ పాటల సంప్రదాయ బాణీ ఎవరి సొత్తూ కాదు. దాన్ని మరొకరు చేసిన రికార్డింగు మాత్రం వారిదే. అందులోంచి ముక్క తీసుకుంటే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది, ఆదాయం అటు మళ్లుతుంది. రచయిత హక్కు జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. కాపీరైట్ చట్టం 2012 సవరణ ప్రకారం రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప వేరెవరికీ రాసివ్వలేరు. ‘సర్వహక్కులూ మావే’ అనే కాగితం ముందుకొస్తే ఈ సంగతి గుర్తుండాలి. యూట్యూబ్ ప్రకటనల వాటాకు వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4 వేల గంటల వీక్షణ కావాలి, లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు. కొత్త గాయకుడికి ఆ డబ్బు చేతికి రావడానికి చాలా కాలం పడుతుంది. ఈలోగా నడిపించేవి కచేరీలే.

ఒంటరి కచేరీలో ముందే రికార్డు చేసిన ట్రాకు వేసుకుని దాని మీద పాడతారు. దారి ఖర్చు ఒక్క మనిషిదే. పర్యటనను దగ్గరి ఊళ్లతో మొదలుపెట్టవచ్చు: నిజామాబాద్ నుంచి బోధన్ పాతిక కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ 1937లో ఏర్పడిన నిజాం షుగర్స్ ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా పేరు పొందింది, 2015 డిసెంబరులో మూతపడింది. ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన శక్కర్‌నగర్‌లో తెలుగు, ఉర్దూ, మరాఠీ కలగలిసి వినిపిస్తాయి. సరిహద్దు దాటితే బిలోలి, దెగ్లూర్, నాందేడ్‌లలోనూ తెలుగు శ్రోతలున్నారు. దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి కల్యాణ్‌లో దిగితే పక్కనే భివండి. మగ్గాల పనికి వలసవెళ్లిన తెలుగువాళ్ల ఊరది. ఇందూరు జిల్లా వాళ్లు పెద్ద సంఖ్యలో గల్ఫ్‌లో ఉన్నారు కనుక దుబాయ్ కూడా ఈ పర్యటన పరిధిలోకే వస్తుంది. హైదరాబాద్ వేదికల కోసం ఎదురుచూడటం కన్నా ఈ దారి పట్టడం తెలివైన పని.

కచేరీకి మైకు పెట్టే ముందు పోలీసు అనుమతి తప్పనిసరి. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. పండుగల సందర్భంగా అర్ధరాత్రి వరకు సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికుంది, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా.