వార్తల్లో పదం: ఉష్ణకేంద్రక ఎక్స్‌రే విస్ఫోటం

ఖగోళ పరిశోధన వార్తల్లో కనిపిస్తున్న ‘ఉష్ణకేంద్రక ఎక్స్‌రే విస్ఫోటం’ అంటే, జంట తారల్లో ఒకటైన న్యూట్రాన్ తార ఉపరితలంపై కేంద్రక సంలీనం అదుపు తప్పడంతో ఎక్స్‌రే కాంతి హఠాత్తుగా ఎగసిపడటం.

సూర్యుని కన్నా ఎక్కువ ద్రవ్యరాశిని ఇరవై, పాతిక కిలోమీటర్ల వ్యాసంలో ఇముడ్చుకున్న ఈ తార, బలమైన గురుత్వాకర్షణతో సహచర తార నుంచి హైడ్రోజన్, హీలియం వాయువులను లాక్కుంటుంది. అవి పొరగా పేరుకుని, ఒత్తిడి, ఉష్ణోగ్రతలు హద్దు దాటగానే భగ్గుమని, సూర్యుడు కొన్ని రోజుల్లో వెలువరించేంత శక్తిని సాధారణంగా కొన్ని పదుల సెకన్లలోనే వెదజల్లుతాయి. సూపర్‌నోవాలో మాదిరిగా తార ఛిన్నాభిన్నం కాదు కనుక, ఇంధనం మళ్లీ చేరాక, గంటలకో రోజులకో విస్ఫోటం పునరావృతమవుతుంది.

ఎక్స్‌రేలను భూవాతావరణం అడ్డుకుంటుంది కాబట్టి వీటిని అంతరిక్షం నుంచే గమనించాలి. 1975లో నెదర్లాండ్స్ ఉపగ్రహం ఏఎన్‌ఎస్ ఇలాంటి విస్ఫోటాలను నమోదు చేయగా, ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరు 28న ఇస్రో ప్రయోగించిన ఆస్ట్రోశాట్, 4యు 1728-34 అనే తార విస్ఫోటంలో సెకనుకు 363 సార్లు వచ్చే కాంతి హెచ్చుతగ్గులను పసిగట్టింది. ఇవి ఆ తార భ్రమణ వేగానికి సూచికలు.

విస్ఫోట కాంతి ఆధారంగా తార పరిమాణాన్ని అంచనా వేయవచ్చు గనుక, భూమిపై ఏ ప్రయోగశాలలోనూ సృష్టించలేనంత సాంద్రతలో పదార్థం ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకోవడానికి ఇవి తోడ్పడతాయి.