మీకు తెలుసా? హకీంపేట ఆకాశంలో ఒక అంబాసిడర్

రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట వైపు వెళ్తుంటే హకీంపేట దగ్గర నా కారు దానంతటదే నెమ్మదిస్తుంది. ఎయిర్‌ఫోర్స్ గోడ అవతలి నుంచి ఏదైనా లేస్తుందేమోనని ఆశ. వెనకవాళ్లు హారన్ కొడతారు. కొట్టుకోనివ్వండి.

ఆ గోడ వెనక ఎన్నో తరాల ఫైటర్ పైలట్లకు పాఠాలు చెప్పిన విమానం కిరణ్. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారీ. తొలిసారి ఎగిరింది 1964లో. నా లెక్కలో అది గాల్లో తిరిగే అంబాసిడర్: అందగత్తె కాదు, కానీ మొండిది. పైగా దాంట్లో సీట్లు ముందూ వెనకా ఉండవు, పక్కపక్కనే ఉంటాయి. డ్రైవింగ్ స్కూలు కారులో సారు కాళ్ల కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది చూడండి, అదే ఏర్పాటు. రెండు సీట్లకూ కంట్రోళ్లు ఉంటాయి. శిష్యుడి చెయ్యి వణికితే గురువు తల తిప్పితే చాలు, కనబడుతుంది. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలోని పిలాటస్, బీదర్‌లోని హాక్ శిక్షణ విమానాల్లో ఈ సౌకర్యం లేదు. అక్కడ ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. కిరణ్ మాత్రం ఆ తర్వాత కూడా కొలువు చేసింది. మన దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లు అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ హకీంపేటలో దాని మీదే చెయ్యి తిరిగేదాకా సాధన చేశారు. 2016 జూన్ 18న దుండిగల్‌లో పట్టా అందుకున్నారు. ఇప్పటి మేడ్చల్ జిల్లాలోనే చదువు, ఇక్కడే పట్టా! మనవాళ్లు ఈ సంగతి ఎందుకు చెప్పుకోరో నాకు అర్థం కాదు.

కార్ల పిచ్చి, విమానాల పిచ్చి ఒకే ఇంట్లో ఉండటం హైదరాబాద్‌లో కొత్తేమీ కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో రోల్స్ రాయిస్‌కు ఆర్డరిచ్చి, బండి రాకముందే కన్నుమూశారు. సింహాసనం లాంటి సీటున్న ఆ పసుపుపచ్చ కారు ఇప్పటికీ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ ఇంకో మెట్టు పైకెక్కి, మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళానికి ఏకంగా ఒక స్క్వాడ్రన్‌కు సరిపడా బాంబర్లు కొనిచ్చారు. దాంతో ఆ 110వ స్క్వాడ్రన్ పేరులో ‘హైదరాబాద్’ చేరింది, చిహ్నంలో నిజాం పులి చేరింది.

ఇక విమానాలను కూల్చే క్షిపణుల సంగతి. మన ఆకాశ్ క్షిపణి బరువు 720 కిలోలు, అంటే మారుతి 800 కన్నా కాస్త ఎక్కువ. చాలా క్షిపణుల్లో మోటారు మొదట్లోనే మండిపోతుంది. మిగతా దారంతా ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో దొర్లించిన బండిలాగా వేగం తరుగుతూ పోవాల్సిందే. ఆకాశ్‌ది రామ్‌జెట్. ఎదురొచ్చే గాలిని మింగి, అందులోని ఆక్సిజన్‌తో ఇంధనం మండించుకుంటూ పోతుంది. లక్ష్యం దగ్గరికొచ్చే దాకా యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యదన్నమాట. పారిపోయే విమానం మలుపు తిప్పినా వెంటపడే దమ్ము అందుకే. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఎల్ దీన్ని రూపొందించింది, ప్రభుత్వ సంస్థ బీడీఎల్ తయారుచేస్తుంది. కలాంగారి సారథ్యంలో 1983లో మొదలైన క్షిపణి కార్యక్రమంలో భాగమైన ఆకాశ్ సైన్యం చేతికి వచ్చేసరికి 2015 అయింది. ఆలస్యమైందని నేనూ వెటకారం చేసినవాణ్నే. 2025 మేలో పాకిస్తాన్ డ్రోన్లు వచ్చినప్పుడు ఆకాశ్ వాటిని అడ్డుకోవడం చూసి నోరు మూసుకున్నాను.

అలాగని ఆకాశ్ ఒక్కటే గొడుగు అనుకుంటే పొరపాటు. దాని పరిధి సుమారు 25 కిలోమీటర్లు, రష్యా ఎస్-400ది 400 దాకా. రాత్రి హైవే మీద హై బీమ్, లో బీమ్ రెండూ కావాలి కదా, ఇదీ అంతే. ఇక బాలిస్టిక్ క్షిపణిని ఆపడం వేరే విద్య. అంతరిక్షం వైపు నుంచి దూసుకొచ్చేదాన్ని గాల్లోనే గుద్దాలి. 2006 నవంబర్ 27న మనవాళ్లు సుమారు 50 కిలోమీటర్ల ఎత్తులో ఒక పృథ్విని ఇంకో క్షిపణితో కొట్టి చూపించారు. నన్నడిగితే, కొత్త ఫైటర్ కొన్న వార్త కన్నా ఇదే పెద్ద వార్త.

దుండిగల్‌లో ఏటా జూన్‌లో, డిసెంబర్‌లో పట్టాల పరేడ్ జరుగుతుంది. ఆ రోజుల్లో మేడ్చల్ వైపు వస్తే తలెత్తి చూడండి. బండి మాత్రం ముందు పక్కకు ఆపండి.