గురువు కాబోవువాని చదువు

పాలమూరు పల్లెలలో కొంతకాలము క్రిందటి వరకు ఒక దృశ్యము తరచుగా కనబడుచుండెను. కొడుకు దూరదేశమున ఆనకట్ట పనికి పోయియుండును. ఇంటివద్ద నున్న ముసలితల్లికి అతని జాబు వచ్చును. ఆమెకు అక్షరము రాదు. అప్పుడామె బడికి పోవు పిల్లవానినో, పిల్లనో పిలిచి, "బిడ్డా, జర ఇది సదివి పెట్టు" అని అరుగుమీద కూర్చుండబెట్టుకొనును. పిల్లవాడు కూడబలుకుకొని చదువును. ఆమె మరల చదువుమనును. మూడవసారి చదువునప్పటికి వానికి తడబాటుండదు. పైకము వచ్చు నెలలో పంపెదనను మాట వచ్చినప్పుడెల్ల ఆమె ముఖము చిన్నబోవుట వాడు చూచును.

తరువాత జవాబు వ్రాయవలెను. ఆమె చెప్పునది కొండంత. కార్డుపై చోటు గోరంత. ఏది వ్రాయవలెను, ఏది విడువవలెను? ఆమె మాటను ఆమె పలికినట్లే వ్రాయవలెనా, బడిలో నేర్చిన భాషలోనికి మార్చవలెనా? మార్చినచో అది తల్లి మాటయే యని కొడుకు గుర్తింపగలడా? పదియేండ్ల పిల్లవాడు ఈ చిక్కులన్నిటిని అరుగుమీదనే విప్పుకొనవలసి వచ్చెను. బడిలో వాడు చదివిన పాఠమును ఆ ముసలమ్మవలె చెవియొగ్గి విన్నవారు లేరు. అట్టి పిల్లవాడు పెద్దవాడై ఉపాధ్యాయుడైనచో, వాని చదువు పుస్తకముల వలన మాత్రమే వచ్చినదని చెప్పుట కష్టము.

అక్షరాస్యత యనగా చేవ్రాలు చేయగలుగుటయే యని కొందరి తలంపు. జనాభా లెక్కలవారు అంతకంటె కొంచెము ముందునకు పోయి, ఏడేండ్లు నిండినవారిలో ఏదేనొక భాషను అర్థము చేసికొని చదువను, వ్రాయను నేర్చినవారిని అక్షరాస్యులుగా నెంచుదురు. 2016లో పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లానుండి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు వేరుపడినవి. 2011 లెక్కలను బట్టి చూడగా, వీనిలో గద్వాల ప్రాంతమున అక్షరాస్యులు సగముమందికైనను లేరు. తక్కిన రెండుచోట్ల సగమును కొంచెము మించిరి. అనగా నేడు ఇక్కడ ఉపాధ్యాయులు కాగోరు యువతీయువకులలో పలువురు తమ యింట మొట్టమొదట పుస్తకము పట్టినవారే. వారికి అక్షరము తాతముత్తాతల ఆస్తిగా రాలేదు. ఎవరికొరకు నేర్చిరి, ఏ యవసరమున నేర్చిరి, ఏ భయముతో నేర్చిరి అను చరిత్రయంతయు వారి చదువులో కలిసియుండును.

ఈ సీమయందు ఇంటిభాష, బడిభాష వేరగుట క్రొత్త సంగతి కాదు. నైజాము పాలనలో రాజకార్యములకును, పైచదువులకును ఉర్దూయే భాష. 1918లో నెలకొల్పిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందు సైతము బోధన ఉర్దూలోనే సాగెను. ఇంట తెలుగు పలుకు బాలుడు కచేరిలో తెలుగు పలికినచో చిన్నచూపు చూచువారు. అట్టి కాలమున గద్వాల, వనపర్తి సంస్థానములు తెలుగు, సంస్కృత కవులను ఆదరించినవి. గద్వాలకు విద్వద్గద్వాల యను పేరే కలిగినది. అయితే సంస్థానపు పండితసభకును పల్లెలోని పశులకాపరి పిల్లవానికిని నడుమ దూరము చాల హెచ్చు. ఆ సంగతి మరువరాదు.

ఈ రెండు లోకములను ఎరిగిన మహనీయుడు సురవరము ప్రతాపరెడ్డి. ఆయన 1896లో జన్మించెను. స్వగ్రామము నేటి గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు. తుంగభద్ర కావలియొడ్డున, నాడు మద్రాసు రాజధానిలోనుండిన కర్నూలులో చదివి, మద్రాసులో పట్టభద్రుడయ్యెను. ఒక నది దాటినంతనే రాజ్యము మారును, బడిభాష మారును. పల్లెప్రజల మాట మాత్రము ఇరుగట్ల నడుమ అంతగా మారదు. ఈ సంగతి బాల్యముననే ఆయన చెవి కెక్కియుండునని నాకు తోచును. ఆయన వృత్తిచే ఉపాధ్యాయుడు కాడు. కాని హైదరాబాదులోని రెడ్డి వసతిగృహమునకు కార్యదర్శియై పల్లెలనుండి వచ్చిన విద్యార్థుల బాగోగులు చూచెను. 1926లో గోలకొండ పత్రికను స్థాపించెను. తెలంగాణములో కవులు లేరని ఎవరో వ్రాయగా, వాదమునకు దిగక, ఊరూర వెదకి 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించెను.

1949లో వెలువడిన ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్ర మన ప్రస్తుత విషయమునకు మరింత దగ్గర. అది రాజుల యుద్ధముల పట్టిక కాదు. జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, పిల్లలు ఏ యాటలాడిరి అను విషయములను పాతకావ్యములనుండి ఏరి చెప్పిన గ్రంథము. కావ్యములో ఒక మాట వచ్చును; నిఘంటువులో దాని కర్థము దొరకదు; పల్లెలో నేటికిని జనులు దానిని వాడుచుందురు. అట్టిచోట ఆయన పల్లెను ప్రమాణముగా గైకొనెను. ఊరిలో పెరుగనివానికి ఆ గ్రంథము వ్రాయుట సాధ్యమగునా? దానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. తెలుగున అదియే మొదటిది. ఆయన అప్పటికి రెండేండ్ల క్రిందటనే, 1953లో, కన్నుమూసెను.

పుస్తకము తెరువకమునుపే చదివించునవి మరికొన్ని కలవు. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచు పట్టు. ఒడలి పేకను అంచు పేకతో మెలివేసి కలుపుదురు. మగ్గముచెంత కండెలు చుట్టుచు పెరిగిన బాలిక పోగులు లెక్కించును. ఒక పోగు తప్పినచో పువ్వు చెడునని ఎరుగును. గుర్తును చూచి వరుసను ఊహించుట చదువుటలో సగము పని. ఆమె రేపు ఉపాధ్యాయినియైనచో గుణింతమును ఎట్లు బోధించునో చూడదగును.

దూరమున నున్న బ్రెజిల్ దేశములోను ఇట్టి కథ కలదు. 1921లో రెసీఫె నగరమున జన్మించిన పాలో ఫ్రెయిరీ తన పెరటి మామిడిచెట్ల నీడలో, నేలయే పలకగా, పుల్లయే బలపముగా అక్షరములు నేర్చెను. కొల్లాపురము మామిడితోటల పిల్లలకు ఇది వింతగా తోచదు. తరువాత దారిద్ర్యము రాగా ఆకలిచే పాఠము తలకెక్కక బాధపడెను. ఆయన ఉపాధ్యాయుడై, 1963లో ఆంగికోస్ అను ఊర సుమారు 300 మంది శ్రామికులకు నలువది గంటల బోధనతో చదువు నేర్పు ప్రయత్నమునకు నాయకత్వము వహించెను. వారి పనిముట్ల పేర్లు, వారి యిండ్లలోని మాటలే అచ్చటి పాఠములు. ఆకలిగొన్న పిల్లవాడు మందబుద్ధి కాడని ఆయనకు ఎవరును చెప్పనక్కరలేకపోయెను.

అయితే అనుభవము తనంతట తానే మంచిగురువును చేయదు. "అంగి" అని వ్రాసిన పిల్లవాని మాటను ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, "చొక్కా" అని దిద్ది, తరగతియెల్ల నవ్వునట్లు చేసిన గురువు ఉండవచ్చును. ఆ పిల్లవాడు ఉపాధ్యాయుడైనప్పుడు రెండు దారులు కలవు. తనకు జరిగినదానిని తలచుకొని, "అంగి" అన్న మాటను ఉంచి ప్రక్కన "చొక్కా"ను నేర్పవచ్చును. లేక ఎఱ్ఱసిరా బుడ్డినే వారసత్వముగా గైకొనవచ్చును. రెండవదియే సులభము, పలువురు తెలియకయే ఆ దారిన పోవుదురు.

అందుచేతనే పలుదేశములలో ఉపాధ్యాయశిక్షణ పొందువారిచేత తొలుత తమ చదువుకథను తామే వ్రాయించుదురు. మనకు ఇట్టి రచన క్రొత్తది కాదు. అలంపురము వాసి గడియారము రామకృష్ణశర్మ తన జీవితమును శతపత్రము అను పేర గ్రంథముగా వ్రాసెను. దానికి 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. శిక్షణకు వచ్చిన యువకుడు అంత పెద్ద గ్రంథము వ్రాయనక్కరలేదు. నాలుగు పుటలు చాలును. కాగితము ముందు పెట్టుకొని, తాను తొలిసారి చదివిన దేదియని తలపోయును. వాచకమని వ్రాయబోయి ఆగును. అరుగు గుర్తునకు వచ్చును. ఆ కార్డు, మరల చదువుమన్న ఆ ముసలమ్మ గొంతు.